తొమ్మిదని రాయను

నేను చదువుకున్న పాలిటెక్నిక్ వాళ్ళు ఈమధ్య నన్ను పిలిచి సన్మానం చేశారు. శాలువా కప్పాక, కిరణ్ అనే కుర్ర లెక్చరర్ మైకు పట్టుకుని నా గురించి చెప్పాడు. "కరుణ మేడమ్ గారు ఇక్కడ చదువుకునే రోజుల్లో ప్రాక్టికల్ పరీక్షలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ గారితో వాదించి ఫెయిలయ్యారండి. తర్వాత పొరపాటు తెలుసుకుని, ఆయనింటికి వెళ్ళి క్షమాపణ చెప్పుకుని, మళ్ళీ రాసి పాసయ్యారండి. గురువుల దగ్గర వినయంగా ఉంటే ఎంత పైకొస్తామో చెప్పడానికి మేడమే ఉదాహరణ" అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నా చేతికి మైకు వచ్చేసరికి భోజనాల వేళ దాటిపోయింది. "నేను క్షమాపణ చెప్పలేదు" అని మొదలుపెట్టాను గానీ, అప్పటికే వెనక వరుసలు ప్లేట్ల వైపు లేచాయి, ముందు వరుసల వాళ్ళు ఫోటో కోసం సర్దుకుంటున్నారు. ఎవరూ వినలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఇంటికి వెళ్ళిన మాట నిజం. క్షమాపణ చెప్పానన్న మాట అబద్ధం.

మా ఊరు కాలవగట్టు మీద, రాజమండ్రికి బస్సులో గంట దూరం. మా నాన్న దేవసహాయం, మిషన్ వారి ఎలిమెంటరీ బడిలో మాస్టారు. బడి పక్కన పెంకుటిల్లు మాకిచ్చారు. పెరటి సందు దాటితే రైసు మిల్లు. మా ఇంటి వాసనల్లో ఏది గుర్తు చేసుకున్నా దాని అడుగున ఉడికిన వడ్ల వాసన, తవుడు వాసన ఉంటాయి. శనివారం సాయంత్రం మర్నాటి కోసం అమ్మ పెట్టే చేపల పులుసులోనూ, ఆదివారం గుడికి నాన్న తొడుక్కునే కలరా ఉండల కోటులోనూ ఆ తవుడు ఎక్కడో నలిగి ఉండేది. ఊళ్ళోకి కరెంటు వచ్చాక కూడా మా అమ్మ శాంతమ్మ రోజూ పొద్దుగూకే వేళకు లాంతరు చిమ్నీని బూడిదతో తుడిచి గూట్లో సిద్ధంగా ఉంచేది. "ఈ బల్బుని నమ్ముకుంటే ప్రార్థన చీకట్లోనే" అనేది. ఆమె అన్నదాంట్లో నిజముంది. మేము ముగ్గురం చాప మీద కూర్చుని కీర్తన ఎత్తుకునే వేళకే మిల్లులో మోటారు వేసేవాళ్ళు. వేయగానే మా బల్బు ముడుచుకుపోయి ఎర్రటి తీగ మాత్రం మిగిలేది. నాన్న పుస్తకంలో అక్షరాలు కనబడక గొంతు పెంచేవాడు, వెలుతురు లేని చోట గొంతుతో నడిపించుకుపోదామన్నట్టు. కాసేపటికి బల్బు కొంచెం తేరుకునేది, నాన్న గొంతు తగ్గేది.

"ఎందుకు నాన్నా అలా అవుతుంది?" అని ఒకరోజు అడిగాను.

"మిల్లు కరెంటంతా తాగేస్తుందమ్మా."

"మరి మన బల్బు కూడా తాగుతుంది కదా. మనం వేస్తే మిల్లు ఎందుకు ఆగదు?"

నాన్న కాసేపు ఆలోచించాడు. తెలియని దాన్ని తెలిసినట్టు చెప్పే అలవాటు ఆయనకు లేదు. "నాకు రాదు. నువ్వు చదువుకుని నాకు చెప్పు" అన్నాడు. నేను ఎలక్ట్రికల్ చదవడానికి ఇంతకు మించిన కారణమేమీ లేదు.

నాన్న గురించి ఇంకో సంగతి చెప్పాలి. ఆయన నోట రోజంతా ఎక్కువసార్లు వచ్చే మాట "చిత్తం అండి." బడి మేనేజరు గారు ఏమన్నా చిత్తం అండి. మిల్లు యజమాని అరుగు మీద కూర్చుని పిలిస్తే, గొడుగు ముడిచి చంకలో పెట్టుకుని, చిత్తం అండి. వాళ్ళ నాన్న పరాయి చేలో కూలి చేసినవాడు. బడిలో కుర్చీ దొరికినా ఆ కుర్చీ ఎప్పుడు లాగేస్తారోనన్న భయం నాన్న వెన్నులోంచి పోలేదు. పాలిటెక్నిక్‌లో చేర్చడానికి వెళ్ళిన రోజు గుమస్తా గారు నన్ను ఎగాదిగా చూసి, "ఎలక్ట్రికల్ ఏంటండీ మాస్టారూ, అమ్మాయిలకి టైపూ షార్ట్‌హ్యాండూ ఉన్నాయి కదా" అన్నారు. నాన్న అలవాటుగా చిత్తం అండి అనేశాడు. అని, నా వైపు చూశాడు. "ఎలక్ట్రికల్ అని రాసుకోండి" అన్నాను నేను. గుమస్తా గారు నాన్న వైపు చూశారు. నాన్న ఏమీ అనకపోవడంతో ఆయన అలాగే రాసుకున్నారు. క్లాసులో నేనొక్కదాన్నే ఆడపిల్లను.

సర్క్యూట్లు మాకు మూర్తి గారు చెప్పేవారు. సన్నగా, తెల్లటి చొక్కా జేబులో చాక్‌పీసు ముక్కలతో ఉండేవారు. అంత బాగా చెప్పేవాళ్ళను తర్వాత కూడా నేను ఎక్కువమందిని చూడలేదు. ఐడియల్ సోర్సుల గురించి చెప్పిన రోజు ఆయన ధవళేశ్వరం ఆనకట్టతో మొదలుపెట్టారు. "ఆనకట్ట వెనక నీటిమట్టం ఇంత అని ఉంది. ఒక కాలవ తలుపు ఎత్తండి, అన్ని కాలవల తలుపులూ ఎత్తండి, ఆ మట్టం వెంట్రుకవాసి కూడా దిగలేదనుకోండి. అది ఐడియల్ వోల్టేజ్ సోర్సు. పన్నెండు వోల్టులంటే పన్నెండే. ఎంత కరెంటు అడిగితే అంత ఇస్తుంది, పన్నెండు మాత్రం తగ్గదు. ఇప్పుడు చేలో ఒక పంపు ఉంది. గొట్టం నేల మీద పెట్టండి, మేడ మీదికి ఎక్కించండి, నిమిషానికి అదే నీరు పోస్తుంది. ఎత్తు పెరిగేకొద్దీ ఇంకా గట్టిగా తోస్తుందే తప్ప నీరు తగ్గించదు. అది కరెంట్ సోర్సు. రెండు ఆంపియర్లంటే రెండే, దానికి ఎంత వోల్టేజీ కావాలంటే అంత పెంచుకుంటుంది."

ఒకబ్బాయి లేచి, ఆ గొట్టం మూతికి బిరడా బిగిస్తే ఏమవుతుందండీ అని అడిగాడు. మూర్తి గారికి అలాంటి ప్రశ్నలంటే ఇష్టం. "బిగించకూడదు. నీరు పోవాలి, దారి లేదు. గొట్టం పగలాలి. అందుకే కరెంట్ సోర్సుని ఎప్పుడూ తెరిచి వదలకూడదు. వాడనప్పుడు రెండు కొసలూ కలిపేసి ఉంచాలి. వోల్టేజ్ సోర్సుకి సరిగ్గా తలకిందులు. దాన్ని తెరిచి వదిలితే ఏ గొడవా లేదు, కొసలు కలిపితేనే ప్రమాదం" అన్నారు. చివర్లో బోర్డు తుడుస్తూ, "ఇలాంటివి లోకంలో ఎక్కడా లేవు. ఉన్నవన్నీ వీటికి దగ్గరగా వచ్చేవే" అని కూడా అన్నారు.

ఆ శనివారం ఇంటికి వెళ్ళి నాన్నకు బాకీ ఉన్న జవాబు చెప్పాను. మన ఊరికొచ్చే కరెంటు ఐడియల్ కాదు నాన్నా, మధ్యలో ట్రాన్స్‌ఫార్మరు ఉంది, పొడుగాటి తీగలున్నాయి, వాటికీ అడ్డు ఉంది, మిల్లు మోటారు లేచేటప్పుడు ఒక్కసారిగా బోలెడు కరెంటు లాగుతుంది, అంత కరెంటు ఆ తీగల్లో నడిచేసరికి దారిలోనే కొంత వోల్టేజీ ఖర్చయి మనకు తక్కువ మిగులుతుంది, మన బల్బు లాగేది చిటికెడు కాబట్టి మిల్లుకు తెలియనే తెలియదు అని చెప్పాను. నాన్న రెండుసార్లు చెప్పించుకున్నాడు. మూడోసారి తనే అమ్మకు చెప్పాడు. అమ్మ విని, లాంతరు చిమ్నీ తుడవడం మాత్రం మానలేదు.

ఆఖరి సంవత్సరం ప్రాక్టికల్స్‌కు కాకినాడ నుంచి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చారు. పేరున్న మనిషి, చాలామందికి పాఠాలు చెప్పిన మనిషి. ల్యాబులో వార్నిషు, బ్యాటరీల యాసిడ్, వేడెక్కిన రియోస్టాట్ కలిసిన వాసన. నా ప్రయోగం బాగానే వచ్చింది. తర్వాత నోటి ప్రశ్నలు. మూర్తి గారు ఆయన పక్క కుర్చీలో కూర్చున్నారు.

"పన్నెండు వోల్టుల ఐడియల్ సోర్సు ఒకటి, ఆరు వోల్టులది ఒకటి. రెంటినీ పేరలల్‌గా కలిపాం. ఎంత వస్తుంది?" అని అడిగారు ఎగ్జామినర్.

"కలపడం కుదరదండి."

"కుదరకపోవడమేంటి? వైర్లు లేవా?"

వరుసలో నిలబడ్డ అబ్బాయిలు నవ్వారు.

"వైర్లున్నాయండి. ఆ రెండు కొసల మధ్య పన్నెండు ఉండి తీరాలని ఒకటంటుందండి. ఆరే ఉండాలని రెండోదంటుందండి. రెండూ ఒకేసారి నిజం కావు కదండి. అందుకని ఆ ప్రశ్నకి జవాబు లేదండి."

"జవాబు లేని ప్రశ్న నేనడుగుతానా? తొమ్మిది."

"నిజం బ్యాటరీలయితే, రెండింటి లోపలా రెసిస్టెన్సు సమానంగా ఉంటే తొమ్మిది వస్తుందండి. ఒకదాన్నుంచి ఇంకోదానిలోకి కరెంటు పోయి, లోపలే కొంత పడిపోయి, మధ్యలో కుదురుతుందండి. మీరు ఐడియల్ అన్నారండి. దాని లోపల రెసిస్టెన్సు ఉండదు కదండి."

ఆయన ముఖం ఎర్రబడింది. నా ముందున్న కాగితం మీద వేలు పెట్టి, "తొమ్మిది అని ఇక్కడ రాయి. పాస్ వేసి పంపిస్తాను" అన్నారు.

"రాయనండి" అన్నాను.

గొంతు పెంచలేదు. ఆ సంగతి ఇన్నాళ్ళూ నేను జాగ్రత్తగా గుర్తుపెట్టుకుంటూ వచ్చాను, ఎందుకంటే తర్వాత ఊరంతా నేను అరిచానని చెప్పుకున్నారు. ఆయన మూర్తి గారి వైపు తిరిగి, "ఆడపిల్లలకి ఈ బ్రాంచి ఎందుకండీ అని నేనెప్పుడో అన్నాను" అన్నారు. నేను కూడా మూర్తి గారి వైపే చూశాను. నాకు ఆ సంగతి నేర్పింది ఆయనే. ఆయన నా రికార్డు పుస్తకం తెరిచి, ఎప్పుడో దిద్దేసిన పేజీలు మళ్ళీ తిరగేశారు.

ఫెయిలయ్యానని నాన్నకు కబురు తెలిసింది మూర్తి గారి ద్వారానే. "మార్కులు ఇంకా పంపలేదట మాస్టారూ, ఒకసారి తీసుకెళ్ళి సారీ చెప్పించండి" అని ఆయన నాన్నకు చెప్పారు. విద్యుత్ శాఖలో అప్రెంటిస్‌గా తీసుకుంటున్న రోజులవి. పాసైన కాగితం చేతిలో ఉంటే నాకూ వస్తుందని అందరూ అనుకుంటున్నారు. నాన్న కోటు తొడుక్కున్నాడు. ఇద్దరం కాకినాడ బస్సెక్కాం.

ఎగ్జామినర్ గారు వరండాలో పడక కుర్చీలో పేపరు చదువుతున్నారు. నాన్న చెప్పులు వీధి మెట్టు దగ్గరే విడిచి, పైకి ఎక్కకుండా కింది మెట్టు మీద నిలబడ్డాడు. నేను ఎక్కి వరండాలో నిలబడ్డాను. నాన్న చేతులు జోడించి, "పిల్లండి, తెలియక" అని మొదలుపెట్టాడు.

"తెలియక కాదు నాన్నా" అన్నాను.

ఎగ్జామినర్ గారు పేపరు మడిచారు. ఆ మడతలో కోపమేమీ లేదు. "చూడమ్మా, నీ జీవితం పాడు చేయాలని నాకేం లేదు. ఒక్క మాట అను, సరిచేసి పంపిస్తాను" అన్నారు.

"నేను మీతో గట్టిగా మాట్లాడానాండి?"

ఆయన కొంచెం ఆలోచించి, "లేదు" అన్నారు.

"మాట్లాడి ఉంటే దానికి క్షమించమని ఇప్పుడే అడిగేదాన్నండి. జవాబుకి మాత్రం అడగలేనండి. అది తప్పు కాదండి."

"అయితే ఇంక నేను చేసేదేం లేదు" అని ఆయన పేపరు విప్పుకున్నారు. నాన్న ఇంకా చేతులు జోడించే ఉన్నాడు. ఆ చేతులు కిందికి దించి మెట్టు దిగడానికి ఆయనకు చాలాసేపు పట్టినట్టు నాకనిపించింది. తిరుగు బస్సెక్కాం. సామర్లకోటలో పంచదార ఫ్యాక్టరీ మడ్డి వాసన కిటికీలోంచి కమ్ముకుంటే నేను తల తిప్పి ఆయన వైపు చూశాను. ఆయన గొడుగు కామును రెండు చేతులతో పట్టుకుని ముందు సీటు వైపే చూస్తున్నాడు. నన్ను తిడితే బాగుండునని ఆ దారంతా కోరుకున్నాను.

గుమ్మంలోకి రాగానే అమ్మ అడిగింది. "చెప్పిందా?"

"చెప్పలేదు" అన్నాడు నాన్న.

అమ్మ మా ఇద్దరి ముఖాలూ చూసి, "అయితే కాళ్ళు కడుక్కుని అన్నానికి రండి" అంది. అంతే అంది. తర్వాత ఎన్నో ఏళ్ళకు, "ఆ వేళ నీకు భయం వేయలేదా అమ్మా" అని అడిగితే, "వేసింది. నువ్వు చెప్పి వచ్చుంటే ఇంకా వేసేది" అంది.

కంచం ముందు కూర్చున్నాక నాన్న అడిగాడు. "నిజంగానే దానికి జవాబు లేదా?"

ఇదంతా అయ్యాక మొదటిసారి అడిగాడు ఆ సంగతి. అన్నం కలుపుతూ చెప్పాను. పన్నెండు ఒక మాట, ఆరు ఒక మాట, రెండూ ఒకే చోటి గురించి. నాన్న విని, ముద్ద చేతిలోనే పట్టుకుని, "అంటే, బళ్ళో వేయడానికొచ్చిన పిల్లాడి వయసు పన్నెండని వాళ్ళమ్మా, ఆరని వాళ్ళ నాన్నా చెప్పారనుకో. హాజరు పట్టీలో తొమ్మిదని రాసుకుంటామా?" అన్నాడు.

"రాసుకోం."

"రాసుకోం. ఎవరో ఒకరు తప్పు చెబుతున్నారని ఇంటికి పంపేస్తాం." ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి మింగేదాకా ఆగాడు. "ఈ సంగతి ముందే చెప్పి ఉంటే బస్సు ఎక్కకపోదును కదమ్మా."

మూడు రోజులు పోయాక ప్రిన్సిపాల్ గారు కబురు పెట్టారు. మంచాయన. పిల్ల నష్టపోతుందని ఆయన నిజంగానే బాధపడ్డారు. "కాగితం మీద అక్కర్లేదు మాస్టారూ. అమ్మాయి నోటిమాటగా నా ముందు సారీ అంటే చాలు, ఆయనకి నేను చెప్పుకుంటాను" అన్నారు. నాన్న గొడుగు చంకలో పెట్టుకుని, ఎప్పటిలాగే కొంచెం వంగి నిలబడి, "చిత్తం అండి" అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "కానీ మా అమ్మాయి చెప్పదండి. చెప్పమని నేనూ అననండి" అన్నాడు. ప్రిన్సిపాల్ గారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. నాన్న అలా మాట్లాడగా అంతకు ముందెవరూ వినలేదు. బయటికొచ్చాక వరండా స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. అయినా నవ్వాడు.

అప్రెంటిస్ పోయింది. నాతో చదివిన అబ్బాయిలు ఖాకీ చొక్కాలతో సబ్‌స్టేషన్లకు వెళ్తుంటే, నేను ఇంట్లో కూర్చుని నాన్న బడిపిల్లలకు ఎక్కాలు చెప్పాను. మాస్టారి కూతురికి నోరెక్కువ అని గుడి మెట్ల మీద అన్నారు. నాకు నష్టం జరగలేదని, అంతా మన మంచికేనని ఇప్పుడు చెప్పమంటే చెప్పను. జరిగింది. ఆ ఉద్యోగం వచ్చి ఉంటే నాన్న తాటాకుల వంట పాక తీసేసి పెంకులు వేసుకునేవాడు. ఆయన ఉండగా అది కాలేదు.

మళ్ళీ పరీక్ష పెట్టినప్పుడు వేరే ఊరి నుంచి ఇంకో ఎగ్జామినర్ వచ్చారు. తలంతా నెరిసిన పెద్దాయన. "ఐడియల్ కరెంట్ సోర్సుని వాడనప్పుడు ఎలా ఉంచుతాం?" అని అడిగారు.

"రెండు కొసలూ షార్ట్ చేసి ఉంచుతామండి."

"షార్టా? కాలిపోదూ?"

మళ్ళీ మొదలైందనుకున్నాను. బల్ల మీద ఉన్న కరెంట్ ట్రాన్స్‌ఫార్మరు చూపించి, "పెద్ద లైన్లలో కరెంటు కొలిచే ఇది దాదాపు కరెంట్ సోర్సులాగే పనిచేస్తుందండి. లైన్లో కరెంటు నడుస్తుండగా, కొసలు కలపకుండా మీటరు ఊడదీస్తే, దారి లేని కరెంటు వల్ల వోల్టేజీ మనిషిని చంపేంత పెరుగుతుందండి. మీరు తీయమన్నా నేను తీయనండి" అన్నాను. ఆయన తల పైకెత్తారు. "పోయినసారి నీ మార్కులు చూశాను. ఏం జరిగింది?" అన్నారు. ఉన్నదున్నట్టు చెప్పాను. "అదే ప్రశ్న ఇప్పుడు నేనడిగితే?" అన్నారు.

"అదే చెబుతానండి."

ఆయన మార్కులు వేశారు. మెచ్చుకోలేదు, మందలించలేదు. పక్కన మూర్తి గారు ఉన్నారు. నేను బయటికి వస్తుంటే గుమ్మం దాకా వచ్చి ఏదో అనబోయి, "జాగ్రత్తగా వెళ్ళమ్మా" అన్నారు. నేను పై చదువులు చదివి లెక్చరర్నయ్యాక ఆయన పాఠాన్ని, ఆనకట్టనూ పంపునూ కూడా కలిపి, ఆయన పేరు చెప్పే ఏటేటా చెప్పాను. ఆయన మౌనాన్ని మాత్రం పాఠంలో కలపలేదు.

ఇప్పటి ల్యాబులు చూస్తే ముచ్చటేస్తుంది. సన్మానం రోజు చూశాను, ఎలక్ట్రికల్‌లో సగం మంది ఆడపిల్లలే. టైపు నేర్చుకోమని వాళ్ళకెవరూ చెప్పరు. కంప్యూటర్లో రెండు సోర్సులూ గీసి, పన్నెండు, ఆరు అని అంకెలు వేసి, పక్కపక్కన కలిపితే, ఈ లెక్క నేను చేయనని ఎర్ర అక్షరాల్లో మొండికేస్తుంది. దాన్నెవరూ క్షమాపణ అడగరు. వైర్లు లేవా అని నవ్వరు. కానీ నేను పాఠం చెప్పిన ఆఖరి ఏళ్ళలో కూడా, జవాబు లేదని తెలిసిన పిల్లలు, "మేడమ్, ఏది రాస్తే మార్కులొస్తాయండి?" అనే అడిగేవాళ్ళు. మా రోజుల్లో అడ్డుగా ఒక పెద్దమనిషి వేలు కనబడేది. ఇప్పుడు వేలు కనబడదు, పిల్లలే ముందుగా రాసేసుకుంటున్నారు. ఏది మెరుగో తేల్చి చెప్పడం నాకు చేతకాదు.

పోయిన వారం కిరణ్ ఫోన్ చేశాడు. "సావనీర్ వేస్తున్నామండి, మీ పరిచయం వాట్సాప్‌లో పెట్టాను, ఒకసారి చూస్తారా అండి?" చూశాను. క్షమాపణ అందులోనూ ఉంది. అది అబద్ధం బాబూ అని, ఇక్కడ రాసిందంతా ఫోన్లో చెప్పాను. పాపం ఓపిగ్గా విన్నాడు.

"సారీ అండి. పెద్దవాళ్ళు చెప్పుకుంటుంటే విని రాశానండి. ఆ వాక్యం తీసేస్తాను."

"తీసేయొద్దు. చెప్పలేదు అని మార్చు."

"పిల్లలు చదువుతారు కదండి మేడమ్. పోనీ, విచారం వ్యక్తం చేశారు అని వేద్దామా అండి? ఎవరికీ ఇబ్బంది ఉండదు."

"వద్దు. క్షమాపణ చెప్పలేదు, ఎందుకంటే ఆమె చెప్పిన జవాబు సరైనది. అంతే వేయి."

అవతల కీబోర్డు టకటకలాడింది. తర్వాత "అలాగేనండి" అన్నాడు.

నిన్న పుస్తకం పోస్టులో వచ్చింది. నా ఫోటో కింద వాక్యం నేను చెప్పినట్టే ఉంది. ఒక్క మాట మాత్రం కిరణ్ తనంతట తానే చేర్చాడు. "ఇప్పటికీ చెప్పలేదు" అని వేశాడు.